పటములో మన గ్రామము: నగర ప్రణాళికను చదువుట ఎట్లు?

గ్రామమునకు పొలిమేర రాయి ఉండును. తాతలనాడు పాతిన చోటనే అది నేటికిని ఉండును. నగరమునకు అట్టి రాయి నిలువదు. నేడు పత్తిచేనుగా నున్న నేల పదియేండ్లు గడచునప్పటికి వీధియగుచున్నది. నగరము గ్రామము వైపు నడచి వచ్చుట మనము కన్నులార చూచుచున్న విషయమే. అది క్రమముగా వచ్చునా, అడ్డదిడ్డముగా వచ్చునా అనునదియే మనము ఆలోచింపవలసినది.

వరంగల్లునే తీసికొందము. వరంగల్లు, హనుమకొండ, కాజీపేట మూడును కలిసి ఒకే నగరమైనవి. 2011 జనాభా లెక్కల నాటికే దాని జనసంఖ్య ఏడు లక్షలు దాటినది. 2013లో చుట్టునున్న 42 గ్రామములు నగరపాలక సంస్థలో చేరినవి. ఇప్పుడా సంస్థ విస్తీర్ణము సుమారు 400 చదరపు కిలోమీటర్లు. కాని నగర ప్రణాళికను నడపు కాకతీయ నగరాభివృద్ధి సంస్థ పరిధి సుమారు 1,800 చదరపు కిలోమీటర్లు. అనగా ప్రణాళిక పటములోని నేలలో నాలుగింట మూడు వంతులకు మించినది నగరపాలక సంస్థ పొలిమేరకు వెలుపలనే ఉన్నది. అందు అధిక భాగము మన పల్లెల పొలములు, చెరువులు, బంజర్లు. కావున ఇది నగరవాసుల వ్యవహారము, మనకేల అనుకొనుటకు వీలులేదు.

కొంతకాలము క్రిందట నగరమునకు సమీపమున నున్న ఒక గ్రామసభకు ఈ వ్యాసకర్త పోవుట తటస్థించినది. పంచాయతి కార్యాలయపు గోడకు ప్రణాళిక పటమును వ్రేలాడదీసియుండిరి. సభ ముగిసిన పిదప వృద్ధ రైతొకడు పటము కడకు వచ్చి, తన పొలమెక్కడనో చూపుమని కార్యదర్శిని అడిగెను. చూపగా, “సారూ, మా పొలం ఏడాదంతా పచ్చగ ఉంటది. దీనికి పసుపు రంగు ఎవరేసిండ్రు? మమ్మల్ని ఎవరన్నా అడిగిండ్రా?” అని ప్రశ్నించెను. అక్కడనున్న వారిలో ఒక్కరును వెంటనే సమాధానము చెప్పలేకపోయిరి. 2025 డిసెంబరు ఎన్నికలలో గెలిచి పంచాయతీలకు వచ్చిన సభ్యులు ఆ వృద్ధునికి సమాధానము చెప్పగలవారు కావలెనను తలంపుతో ఈ పాఠము వ్రాయబడినది.

ప్రణాళిక యనగా నేమి?

ఇల్లు కట్టుకొనువాడు వంటిల్లెక్కడ, పశువుల కొట్టమెక్కడ, వాననీరు పోవు దారి ఎక్కడ అని ముందే నిర్ణయించుకొనును. వంటింటి ప్రక్కనే పెంటకుప్ప వేయడు. నగరమునకును ఈ వివేకమే వర్తించును. ఇండ్లకు ఒక చోటు, అంగళ్ళకు ఒక చోటు, కర్మాగారములకు ఒక చోటు, బడులకు, వైద్యశాలలకు, ఉద్యానములకు వేరువేరు చోట్లు కేటాయించి, వాటిని కలుపు రహదారులను గుర్తించి తయారుచేయు పటమునకే బృహత్ ప్రణాళిక లేక మాస్టర్ ప్లాను అని పేరు. పటములో ఒక్కొక్క వినియోగమునకు కేటాయించిన భాగమును జోను అందురు.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. మద్రాసు రాజ్యమున 1920లోనే పట్టణ ప్రణాళిక చట్టము వచ్చినది. పిమ్మట పెద్ద నగరములకు, వాటి చుట్టుప్రక్కల గ్రామములకు కలిపి ప్రణాళికలు వేయుటకై 1975లో నగర ప్రాంతాభివృద్ధి చట్టము చేయబడినది. కాకతీయ నగరాభివృద్ధి సంస్థ ఈ చట్టము క్రింద ఏర్పడినదే. మొదట నేల యొక్క ప్రస్తుత వినియోగమును పరిశీలింతురు. రాబోవు ఇరువది ఏండ్లకు జనసంఖ్య ఎంత పెరుగునో అంచనా వేయుదురు. తరువాత ముసాయిదా పటమును ప్రకటించి ప్రజల అభ్యంతరములను, సలహాలను కోరుదురు. వాటిని విచారించిన పిదప ప్రభుత్వము ఆమోదించినచో ఆ పటము శాసనబలమును పొందును. వరంగల్లు క్రొత్త ప్రణాళిక 2041వ సంవత్సరమును గమ్యముగా పెట్టుకొని తయారైనది. నేడు బడిలో అక్షరములు దిద్దుచున్న పిల్లలు సంసారులగు నాటికి ఊరెట్లుండవలెనో ఆ పటము చెప్పుచున్నది.

రంగుల భాష

పటము చదువుటకు ఆంగ్ల పాండిత్యము అక్కరలేదు. రంగులను గుర్తుపట్టిన చాలును. సాధారణముగా పసుపు రంగు నివాస ప్రాంతమునకు, నీలము వ్యాపారమునకు, ఊదా పరిశ్రమలకు, ఎరుపు బడులు, ఆసుపత్రులు, కార్యాలయముల వంటి ప్రజోపయోగ స్థలములకు గుర్తులు. ముదురాకుపచ్చ ఉద్యానములకు, క్రీడాస్థలములకును, లేతాకుపచ్చ వ్యవసాయమునకును వాడుదురు. రహదారులు, రైలు మార్గములు బూడిద రంగున ఉండును. చెరువులకు లేతనీలము వేయుదురు. వ్యాపారపు నీలమును చూచి చెరువనియు, చెరువు నీలమును చూచి వ్యాపారస్థలమనియు పొరబడిన వారు లేకపోలేదు. రంగును ఊహతో నిర్ణయింపక, పటము మూలనున్న సూచికతో సరిచూడవలెను.

రంగుతో పాటు నియమావళిని కూడ చదువవలెను. ఏ జోనులో ఏవి కట్టవచ్చునో, ఏవి కట్టరాదో అందు పట్టికగా ఉండును. పిండిమర, కోళ్ళ ఫారము, ఇటుకబట్టీ, కల్యాణమండపము వంటి వాటిని గూర్చి పంచాయతీలో వచ్చు తగవులలో చాల భాగము ఈ పట్టిక చూచినంతనే తీరిపోవును.

ఇక వృద్ధ రైతు సందేహము. పొలము పసుపు జోనులో పడినంత మాత్రమున పట్టా పోదు. యజమాని ఆ రైతే. సేద్యము మానవలసిన పనియు లేదు. ప్రణాళిక అమలులోనికి వచ్చిన నాటికి నేల ఏ వినియోగమున నున్నదో, ఆ వినియోగమును అదే మేరకు కొనసాగించుకొనుటకు 1975 చట్టము అవకాశమిచ్చుచున్నది. పటము నిర్ణయించునది ఇక మీదట రాబోవు క్రొత్త వినియోగమును మాత్రమే. అయితే పొలముమీదుగా రహదారి గీత పోయినచో సంగతి వేరు. ఆ గీత మీద ఇల్లు కట్టుటకు అనుమతి దొరకదు. భూమి విలువయు మారును. కావున రంగు కన్నను ముందుగా గీతలను చూడుడు.

నాలుగు పత్రములు, నాలుగు ప్రశ్నలు

గ్రామములలో అన్నిటికన్న ఎక్కువ నష్టము కలిగించుచున్నది ఒక అపోహ. “తహసీలుదారు కన్వర్షను ఇచ్చినాడు, ఇక ప్లాట్లు చేయవచ్చును” అని చెప్పు మాట అది. ఒక్కొక్క పత్రము ఒక్కొక్క ప్రశ్నకు మాత్రమే సమాధానమిచ్చును.

పట్టాదారు పాసుపుస్తకము చెప్పునది: భూమి ఎవరిది?

2006 చట్టము ప్రకారము లభించు వ్యవసాయేతర మార్పిడి, అనగా కన్వర్షను చెప్పునది: రెవిన్యూ లెక్కలలో ఇది ఇంకను వ్యవసాయభూమియేనా, కాదా?

భూవినియోగ ధ్రువపత్రము చెప్పునది: నగర ప్రణాళికలో ఈ సర్వే నంబరు ఏ జోనులో నున్నది?

లేఅవుటు అనుమతి చెప్పునది: ఈ భూమిని ముక్కలు చేసి, వీధులు తీసి, అమ్ముకొనవచ్చునా?

మొదటి రెండును ఉండి, మూడవది ప్రతికూలముగా నున్నచో నాలుగవది రాదు. వ్యవసాయపు జోనులోని భూమికి కన్వర్షను రుసుము కట్టినంత మాత్రమున పటములోని లేతాకుపచ్చ పసుపు కాదు. జోను మార్చు అధికారము ప్రభుత్వమునకే కలదు. అందుకును ముందుగా ప్రకటన చేసి అభ్యంతరములు స్వీకరింపవలసి ఉన్నది. ఆ ప్రకటనలో మన గ్రామపు సర్వే నంబరు కన్పించినప్పుడు, ఆ మార్పు ఊరికి మేలో కీడో తీర్మానము ద్వారా తెలుపు బాధ్యత పంచాయతీది.

ఎకరమునకు పది గుంటల లెక్క

అనధికార లేఅవుటులో ప్లాటు చవుకగా దొరకుననుట నిజమే. ఆ చవుకదనము ఎక్కడ నుండి వచ్చినదో లెక్కవేసి చూతము. ఎకరమునకు 40 గుంటలు, 4,840 గజములు. క్రమముగా వేసిన లేఅవుటులో నిర్ణీతమైన వెడల్పు గల వీధులకు నూటికి ముప్పది వంతులు, పిల్లల ఆటస్థలము మొదలగు వాటికి విడువవలసిన ఖాళీ స్థలమునకు నూటికి పది వంతులు పోవుననుకొందము. అమ్మకమునకు మిగులునది 2,904 గజములు. అనధికారముగా వేయువాడు ఎడ్లబండి మాత్రమే తిరుగు సందులకు నూటికి పదునైదు వంతులు విడిచి, ఖాళీ స్థలము వదలకుండ మిగిలిన 4,114 గజములను అమ్ముకొనుననుకొందము. ఈ రెంటి వ్యత్యాసము 1,210 గజములు, అనగా సరిగా పది గుంటలు.

ఆ పది గుంటలు ఎవరివి? ఊరివి. అంబులెన్సు తిరుగవలసిన వీధి, మురుగు కాలువ, నీళ్ళ ట్యాంకు, అంగన్‌వాడి అన్నియు ఆ పది గుంటలలోనే ఉండెను. అమ్మినవాడు సొమ్ముతో వెడలిపోవును. కొన్నవారు మరునాడు పంచాయతీకి వచ్చి వీధి దీపములు, మోరీలు, మంచినీరు కోరుదురు. కాలువ త్రవ్వుటకు జాగా ఉండదు. త్రవ్వవలసిన ఖర్చు మాత్రము ఊరి పన్నుల మీద పడును.

ఈ నష్టము ఎంత విస్తారమైనదో ఒక్క లెక్క చెప్పును. 2020లో తెలంగాణ ప్రభుత్వము ఆ సంవత్సరము ఆగస్టు 26కు పూర్వము పుట్టిన అనధికార ప్లాట్లను క్రమబద్ధము చేయుటకు దరఖాస్తులు కోరగా, ఇరువది అయిదు లక్షలకు మించి వచ్చినవి. ఖాళీ స్థలము విడువని లేఅవుటులో కొన్నవారు ఇతర రుసుములతో పాటు ఆ స్థలమునకు బదులుగా ప్లాటు విలువలో నూటికి 14 వంతులు చెల్లింపవలసి వచ్చినది. అమ్మినవాడు మిగుల్చుకొన్నదానిని కొన్నవాడు కట్టినాడన్నమాట. సొమ్ము కట్టినను పోయిన ఆటస్థలము తిరిగి రాలేదు.

కావున లేఅవుటు దరఖాస్తు వచ్చినప్పుడు పంచాయతి తానే అనుమతి ఇచ్చివేయరాదు. నగరాభివృద్ధి సంస్థ పరిధిలోనైన ఆ సంస్థ నుండియు, ఇతర చోట్ల పట్టణ, గ్రామ ప్రణాళిక శాఖ నుండియు సాంకేతికానుమతి వచ్చి తీరవలెను. వీధులు, ఖాళీ స్థలములు రిజిస్టరు పత్రము ద్వారా స్థానిక సంస్థ వశము కావలెను. 500 చదరపు మీటర్లకు మించిన భూమిలో ప్లాట్లు అమ్ముటకు 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము క్రింద రిజిస్ట్రేషను కూడ అవసరము. ఇల్లు కట్టుకొను విషయమున, 300 చదరపు మీటర్లకు మించని స్థలములో, పది మీటర్ల ఎత్తునకు లోబడి, నేల అంతస్తు పైన రెండంతస్తుల వరకే పంచాయతి స్థాయి అనుమతి సరిపోవును. అంతకు మించినచో సాంకేతికానుమతి కావలెను. నియమవిరుద్ధమైన లేఅవుట్లకు తోడ్పడిన సర్పంచి, కార్యదర్శులు పదవులు కోల్పోవలసివచ్చునట్లు 2018 పంచాయతిరాజ్ చట్టము కఠినముగా నిర్దేశించినది.

నీటికి దారి విడువుడు

కాకతీయుల నాటి నుండి ఈ ప్రాంతమునకు చెరువులే ఆధారము. అవి విడివిడిగా నున్నట్లు కన్పించినను గొలుసుకట్టుగా నున్నవి. పై చెరువు నిండి మత్తడి దుమికిన నీరు వాగుగా పారి క్రింది చెరువును చేరును. ఆ వాగు వేసవిలో ఎండి, ఎవరికిని పనికిరాని పల్లపు నేలగా కన్పించును. చవుకగా దొరకును. ప్లాట్లుగా మారును. ముసురు పట్టిన నాడు నీరు తన పాతదారిని వెదకుకొనుచు వచ్చును.

2020 ఆగస్టులో హనుమకొండ, వరంగల్లు కాలనీలు నీట మునిగినప్పుడు జరిగినదిదే. నయీంనగర్ నాలా వెంట ఆక్రమణలను తొలగింపవలెనని అప్పుడు ప్రభుత్వము ఆదేశించెను. 2023 జులైలోను, 2025 అక్టోబరు తుపాను వానలకును నగరములోని అనేక వాడలు మరల జలమయమైనవి. మునిగిన ఇండ్లలో అప్పుచేసి కట్టుకొన్నవి ఎన్నియో గలవు. ఇంటి యజమానులలో పెక్కుమందికి తాము నీటి దారిలో కట్టినామను సంగతియే తెలియదు. చెప్పవలసినవారు చెప్పలేదు.

2012 నాటి భవన నిర్మాణ నియమములు ఈ విషయమున స్పష్టముగా నున్నవి. పది హెక్టారులు, అనగా సుమారు ఇరువది అయిదు ఎకరములు, అంతకు మించిన చెరువు యొక్క పూర్తి నీటిమట్టపు హద్దు నుండి 30 మీటర్ల వరకును, అంతకన్న చిన్న చెరువు, కుంటల హద్దు నుండి 9 మీటర్ల వరకును కట్టడములు కూడవు. పది మీటర్లకు మించిన వెడల్పు గల వాగు, కాలువ, నాలాలకు 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పు గలవానికి 2 మీటర్లు విడువవలెను. వేసవిలో నీరు నిలిచినచోటు హద్దు కాదు. చెరువు నిండుగా నున్ననాడు నీరు ఎంతదూరము ప్రాకునో అదియే హద్దు. ఆ హద్దు ఊరిలో పెద్దలకు తెలియును. వారు ఉన్నప్పుడే గ్రామ నక్షాతో సరిచూచి, రెవిన్యూ, నీటిపారుదల శాఖల వారిచే రాళ్ళు పాతించుకొనుట మంచిది.

ముసాయిదా నాడే మాట్లాడవలెను

ప్రణాళిక వేయువారు నిపుణులే కావచ్చును. కాని ఏ బావి క్రింద ఎన్ని మళ్ళు పారునో, ఏ బాట మీదుగా పశువులు మేతకు పోవునో, ఏ కుంట మత్తడి ఎటు దుముకునో వారికి ఉపగ్రహ చిత్రము చెప్పదు. చెప్పగలవారు గ్రామస్థులు. ఆ మాట చెప్పుటకు చట్టము ఒక గడువును ఇచ్చినది. గడువు దాటినచో చెప్పుట కష్టము.

కామారెడ్డి అనుభవము దీనికి నిదర్శనము. అచ్చటి పురపాలక సంఘము 2022 చివర ముసాయిదా ప్రణాళికను ప్రకటించి, అభ్యంతరములకు 60 దినముల గడువిచ్చెను. పట్టణములో విలీనమైన గ్రామముల రైతులలో అనేకులు తమ సాగుభూములు పరిశ్రమల జోనులో చూపబడినవని గ్రహించునప్పటికి గడువు ముగింపునకు వచ్చినది. వారు ఆందోళనకు దిగిరి. తుదకు 2023 జనవరిలో పురపాలక సంఘము ఆ ముసాయిదాను ఉపసంహరించుకొనునట్లు తీర్మానించెను. అదే నెలలో జగిత్యాలలోను ఇట్లే జరిగెను. వరంగల్లు చుట్టుప్రక్కల 2022లో వలయ రహదారి వెంట ఇరువది వేల ఎకరములకు మించిన భూమిని సమీకరించుటకై వెలువడిన ప్రకటన కూడ రైతుల అభ్యంతరములపై ఆ మే నెలలోనే రద్దయినది. భూసమీకరణ జోనుల నిర్ణయము వంటిది కాదు. అందు రైతు భూమిని అప్పగించి, అభివృద్ధి చేసిన ప్లాట్లలో కొంత భాగమును తిరిగి పొందును. కాని రెండు సందర్భములును నేర్పు పాఠమొక్కటే. మొదటి దినముననే పటము రచ్చబండ కడకు వచ్చి, సర్వే నంబర్ల వారీగా చదువబడియుండినచో రైతులు రోడ్డెక్కవలసిన అవసరము తగ్గెడిది; ఊరికి నిజముగా కావలసిన రహదారులు, పరిశ్రమలు కూడ వెనుకబడకుండెడివి.

ప్రతి గీతను కాదనుటయు తెలివి కాదు. రహదారి ఎవరి పొలములోనుండియైనను పోక తప్పదు. గీసుగొండ, సంగెం మండలముల నడుమ వెలసిన జౌళి పార్కు వంటి పరిశ్రమలకు స్థలము కావలెను. మన పిల్లలకు పని కావలెను. కాని “ఈ రహదారిని నూరు గజములు తూర్పునకు జరిపినచో పారుచున్న బావులు దక్కును, ప్రక్కన ప్రభుత్వ బంజరున్నది” అని సర్వే నంబర్లతో సహా వ్రాసి ఇచ్చిన అభ్యంతరమునకు గల విలువ ఉత్త నినాదమునకు ఉండదు.

పంచాయతి చేయవలసిన పనులు

1. నగరాభివృద్ధి సంస్థ నుండి మన గ్రామమునకు సంబంధించిన ప్రణాళిక పటమును, నియమావళిని తెప్పించి, కార్యాలయములో అందరికిని కన్పించునట్లు ఉంచవలెను.

2. పటమును గ్రామ నక్షాతో సరిచూచి, ఏ సర్వే నంబరు ఏ జోనులో నున్నదో తెలుగున పట్టిక వ్రాయించి, రెండు నెలలకొకసారి జరుగు గ్రామసభలో చదివి వినిపింపవలెను.

3. చెరువులు, కుంటలు, వాగులు, బండ్లబాటలు, శ్మశానములు, గ్రామకంఠము పటములో సరిగా గుర్తింపబడినవో లేదో పెద్దలను వెంటబెట్టుకొని పరిశీలింపవలెను.

4. ముసాయిదా లేక జోను మార్పు ప్రకటన వెలువడిన వెంటనే గడువు తేదీని పలకపై వ్రాసి, దండోరా వేయించి, అభ్యంతరములను లిఖితపూర్వకముగా పంపి రసీదు తీసికొనవలెను.

5. క్రొత్తగా హద్దురాళ్ళు, రంగు జెండాలు పాతిన వెంచరు కన్పించినప్పుడు అనుమతి సంఖ్యను అడిగి, లేనిచో ఆ సంగతిని బోర్డుపై వ్రాసి అందరికిని తెలియజేయవలెను. ప్లాట్లు అమ్ముడైన తరువాత ఇచ్చు నోటీసు వలన కొన్న పేదవాడే నష్టపోవును.

గోడకు వ్రేలాడుచున్న ఆ పటము ముందు నిలిచి వృద్ధ రైతు అడిగిన ప్రశ్నలు రెండు. రంగెవరు వేసినారన్నది మొదటిది. దానికి సమాధానము చట్టములో దొరకును. మమ్ములనెవరైన అడిగినారా అన్నది రెండవది. దానికి సమాధానము పంచాయతి తీర్మానముల పుస్తకములో ఉండవలెను. మీ గ్రామపు పుస్తకములో అది ఉన్నదో లేదో రాబోవు సమావేశమున తెరచి చూడుడు. లేనిచో, ఆనాటి మొదటి తీర్మానముగా పటమును తెప్పించుటకు నిర్ణయింపుడు.